ఫోన్ మోగని రాత్రుల లెక్క: ఒక ఆన్-కాల్ కేసు

టెక్నికల్ సపోర్ట్‌లో పనిచేసేవాళ్లు నా దగ్గరికి కౌన్సెలింగ్‌కి వస్తే మొదట చెప్పేది నిద్ర సంగతే. ఈ కేసులోనూ అంతే. చెప్పిన చోటనే చికిత్స మొదలుపెట్టి ఏడు వారాలు పోగొట్టాను కాబట్టి దీన్ని రాసి పెడుతున్నాను. క్లయింట్ రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. ఆమెను గుర్తుపట్టగలిగే వివరాలన్నీ తీసేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

ఆమె ఒక సాఫ్ట్‌వేర్ ఉత్పత్తికి ఎల్2 సపోర్ట్ ఇంజినీర్, అంటే మొదటి స్థాయి (ఎల్1) వాళ్లు తేల్చలేని సమస్యలు చూసే మనిషి. వయసు ముప్పైల్లో. అదే టీమ్‌లో ఎనిమిదేళ్లుగా ఉన్నారు. కాగితం మీద ఆన్-కాల్ రోస్టర్‌లో, అంటే ఏ వేళలోనైనా ఫోన్ వస్తే స్పందించాల్సినవాళ్ల వంతుల జాబితాలో, నలుగురు. ఒకరు మానేశాక ఆ ఖాళీ ఎవరూ నింపలేదు, కాబట్టి మిగిలింది ముగ్గురు. అంటే ప్రతి మూడో వారం రాత్రీ పగలూ ఫోన్ ఆమెదే. పగటి టికెట్లు, అంటే కస్టమర్ల సమస్యల నమోదులు, ఎలాగూ తప్పవు. అలర్ట్ వస్తే పదిహేను నిమిషాల్లో అందుకోవాలి. అందుకోకపోతే అది పైకి, టీమ్ లీడ్‌కి వెళ్తుంది (ఎస్కలేట్ అవుతుంది). ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా ఎస్కలేట్ కానివ్వలేదని మొదటి రోజే చెప్పారు. గర్వంగా చెప్పారో, గోడు వెళ్లబోసుకున్నారో అప్పుడు నాకు తేలలేదు.

భర్త వేరే గదిలో పడుకోవడం మొదలై ఏడాది దాటింది. గొడవలేమీ లేవు. ఒక ఫోన్‌కి ఇద్దరు లేవడం ఎందుకని వాళ్లిద్దరూ అనుకుని చేసుకున్న ఏర్పాటు అది.

ఏ ఇబ్బందితో వచ్చారు

ఒక రాత్రి 3:10కి అలర్ట్ వచ్చింది. ఒక కస్టమర్‌కి ఉన్న రెండు సర్వర్లలో, అవసరానికి పక్కన ఉంచిన స్టాండ్‌బై సర్వర్ పలకడం లేదు. ఆమె లేచి, ల్యాప్‌టాప్ తెరిచి, లాగిన్ అయి రీస్టార్ట్ కొట్టారు. కొట్టింది మాత్రం నిక్షేపంగా నడుస్తున్న అసలు సర్వర్ మీద. పదకొండు నిమిషాలు కస్టమర్ పని ఆగిపోయింది. పొరపాటు గమనించి సరిచేసి, టికెట్‌లో నోట్స్ రాసి పడుకున్నారు.

మర్నాడు ఆఫీసులో ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఆ తప్పు ఒక్కటే అయితే ఆమె నా దగ్గరికి వచ్చి ఉండేవారు కారు. పొద్దున్న టికెట్ తెరిస్తే అందులో తన పేరు మీద ఏడు లైన్ల నోట్స్ ఉన్నాయి. వాటిలో ఒక్క లైన్ రాసినట్టు కూడా గుర్తు లేదు. "ఇంకెవరో నా లాగిన్‌తో రాసినట్టుందండీ. స్పెల్లింగ్ తప్పులు కూడా నేను చేసేవే. కానీ రాసింది నేనని అనిపించలేదు" అన్నారు.

మొదటి సెషన్‌లో ఫోన్‌ని బల్ల మీద తెర పైకి ఉండేట్టు పెట్టి, బొటనవేలు దాని అంచు మీదే ఉంచారు. అది ఆమె ఆన్-కాల్ వారం కాదు. అయినా తెర మూడుసార్లు వెలిగితే మూడుసార్లూ మాట మధ్యలో ఆపి చూశారు. ఒకసారి బయట వరండాలో ఎవరిదో ఫోన్ అదే రింగ్‌టోన్‌తో మోగింది. ఆమె భుజాలు చెవుల దాకా లేచాయి, తర్వాత "మాది కాదు" అని తనకు తానే చెప్పుకున్నారు. ఇదంతా నా నోట్స్‌లో రాసుకున్నాను. రాసుకుని కూడా దాని అర్థం పట్టుకోలేకపోయాను.

అడిగిన కొద్దీ వచ్చినవి ఇవి. రాత్రి కాల్ అయ్యాక మళ్లీ నిద్ర పట్టడానికి గంటకు పైనే పడుతోంది. పగలంతా మగతగా ఉంటోంది. ఒకప్పుడు కస్టమర్‌కి ఓపిగ్గా అర్థమయ్యేలా చెప్పడమే ఈ పనిలో ఆమెకు నచ్చిన భాగం. ఇప్పుడు టికెట్ చదవకముందే ఒళ్లు మండుతోంది. పైగా ఎనిమిదేళ్లు చేసిన పనే తనకు రాదేమోనన్న అనుమానం మొదలైంది.

నిర్ధారణలో తికమక

"ఇది జబ్బాండీ?" అని అడిగారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐసీడీ-11, 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. అందులో బర్న్‌అవుట్‌ని జబ్బుగా కాకుండా ఉద్యోగ సంబంధమైన స్థితిగా చేర్చారు. దానికి మూడు ముఖాలు చెప్పారు: శక్తి హరించుకుపోవడం, పని మీద మనసు విరిగిపోవడం లేదా విసుగు, చిరాకు పెరగడం, పనిలో తన సామర్థ్యం తగ్గిందనిపించడం. ఆమె చెప్పినవాటిలో మూడూ ఉన్నాయి. కానీ మూడూ కుదిరాయి కదా అని పేరు పెట్టేసి ఊరుకోవడానికి లేదు. డిప్రెషన్, థైరాయిడ్ లోపం, రక్తహీనత కూడా ఇలాగే అలసట వేషంలోనే వస్తాయి.

అందుకే ముందు డాక్టర్ దగ్గరికి పంపాను. రక్త పరీక్షలు మామూలుగా వచ్చాయి. డిప్రెషన్ లక్షణాలను కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో స్కోరు 11. పది, అంతకంటే ఎక్కువ వస్తే డిప్రెషన్ ఉందేమో జాగ్రత్తగా చూడాలి. ఇక్కడ మొత్తం అంకె కంటే ఏ ప్రశ్నకు ఎంత వచ్చిందన్నది ఎక్కువ పనికొచ్చింది. పదకొండులో తొమ్మిది నిద్ర, అలసట, ఏకాగ్రత అనే మూడు ప్రశ్నల నుంచే వచ్చాయి. తనకు హాని చేసుకునే ఆలోచనల గురించిన తొమ్మిదో ప్రశ్నకు సున్నా. అక్కడ సున్నా కాకుండా ఇంకేది ఉన్నా ఈ కథ వేరే దారిలో నడిచేది. సైకియాట్రిస్ట్‌కి రెఫర్ చేయడం ఆ రోజే జరిగేది, ఆఫీసు విషయాలన్నీ ఆ తర్వాతే. ఈ కేసులో మాత్రం డిప్రెషన్‌ని పక్కన పెట్టకుండా, మూడు వారాలకొకసారి మళ్లీ స్కోర్ చూస్తూ ముందుకెళ్లాలని అనుకున్నాను.

టికెట్ రాసినట్టు గుర్తులేకపోవడానికి కారణం ఆమెకు చెప్పగానే సగం భయం తీరింది. గాఢ నిద్ర నుంచి ఒక్కసారిగా లేస్తే మెదడు మొత్తం ఒకేసారి మేలుకోదు. పదిహేను నుంచి ముప్పై నిమిషాల దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు, చేతులు పనిచేస్తున్నా విచక్షణ, జ్ఞాపకం వెనకబడి ఉంటాయి. దీన్ని స్లీప్ ఇనర్షియా అంటారు. పదిహేను నిమిషాల్లో అందుకోవాలన్న నిబంధన మనిషిని సరిగ్గా ఆ మగతలో ఉండగానే సర్వర్ ముందు కూర్చోబెడుతోంది. తనకేదో మతిమరుపు రోగం మొదలైందని వారం పాటు కుమిలిపోయారట.

తప్పిన ఏడు వారాలు

మొదట ఎంచుకున్నది సెలవు. ఇది ఆమె కోరిక కూడా. పది రోజులు తీసుకున్నారు. మొదటి మూడు రాత్రులు ఫోన్ ఆఫ్‌లో ఉన్నా మూడింటికి మెలకువ వచ్చింది. ఐదో రాత్రి నుంచి ఏకబిగిన నిద్రపోయారు, పుస్తకాలు చదివారు, నవ్వారు. ఇది నాకు నిర్ధారణలో పనికొచ్చింది. పనికి దూరమైతే ఇష్టాలు తిరిగి వస్తున్నాయంటే డిప్రెషన్ వైపు మొగ్గు కాస్త తగ్గుతుంది. చికిత్సగా మాత్రం సెలవు మిగిల్చింది తక్కువ. తిరిగి వెళ్లిన మూడో వారానికల్లా మొదటికొచ్చింది. మీనా వెస్ట్‌మన్, డవ్ ఈడెన్ 1997లో ప్రచురించిన అధ్యయనంలోనూ సెలవు ఇచ్చిన ఊరట మూడు వారాల్లో పూర్తిగా కరిగిపోయింది. నేను చదివిన విషయమే. అయినా, ఈమె విషయంలో ఏమో అనుకున్నాను.

రెండోది నిద్ర చికిత్స. నిద్రలేమికి మందుల కంటే ముందు చూడాల్సింది కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనలు, అలవాట్లు మార్చే చికిత్స) అని నమ్మేవాణ్ని, ఇప్పటికీ నమ్ముతాను. అందులో ఒక భాగం, పడక మీద ఉండే సమయాన్ని కావాలనే కుదించడం, ఇక్కడ మొదటే వద్దనుకున్నాను. మొదటి వారాల్లో అది మగతను పెంచుతుంది. ఇప్పటికే మగతలో తప్పు సర్వర్ రీస్టార్ట్ చేసిన మనిషికి అది ఇవ్వకూడదు. ఇంకో భాగం రిచర్డ్ బూట్జిన్ 1972లో రూపొందించిన పద్ధతి: మంచం నిద్రకే ఉండాలి, ఇరవై నిమిషాల్లో నిద్ర పట్టకపోతే లేచి వేరే గదికి వెళ్లాలి, నిద్ర ముంచుకొచ్చాకే తిరిగి రావాలి. చాలామందికి పనిచేసే పద్ధతి. దీన్ని ఇచ్చాను.

ఏం జరిగిందంటే, ఇరవై నిమిషాలకు ఆమె బుద్ధిగా లేచి వేరే గదికి వెళ్లారు. ఆ గదిలో ల్యాప్‌టాప్ ఉంది. ఎలాగూ లేచాను కదా అని సర్వర్ల పరిస్థితి చూపించే డ్యాష్‌బోర్డ్ తెరిచారు. అంతా పచ్చగా ఉంది. అయినా ఒక గ్రాఫ్ కొంచెం పైకి లేస్తున్నట్టు అనిపించింది. అది చూస్తూ రెండు గంటలు కూర్చున్నారు. నేను సలహా ఇచ్చి మరీ రాత్రి షిఫ్ట్ పెంచానన్నమాట. ఫోన్ పడకగదిలో ఉండకూడదని కూడా రాసి ఇచ్చాను. ఆన్-కాల్‌లో ఉన్న మనిషికి ఆ మాట చెప్పడం ఎంత హాస్యాస్పదమో ఆమె మర్యాద కొద్దీ అనలేదు.

శ్వాస మీద ధ్యానం కూడా పెట్టాం. మూడో రోజే ధ్యానం మధ్యలో అలర్ట్ మోగింది. ఆ తర్వాత ఆమెకు ధ్యానమంటేనే మంట. దాని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

ఏడో వారం ఆమె నెమ్మదిగా ఒక మాట అన్నారు: "మా దగ్గర ఒకే అలర్ట్ పదిసార్లు వస్తే దానికి మూలం ఎక్కడుందో వెతుకుతామండీ. మీరు పదిసార్లూ నన్నే రీస్టార్ట్ చేస్తున్నారు."

షీట్

ఆ మాట నాకు గట్టిగానే తగిలింది. అప్పటిదాకా నా దగ్గరున్నది ఆమె ఎలా ఉన్నారన్న సమాచారం. ఫోన్ ఏం చేస్తోందన్న సమాచారం ఏమీ లేదు. ఇద్దరం కూర్చుని ఒక షీట్ గీశాం. ప్రతి రాత్రి కాల్‌కీ ఒక వరస: ఎన్నింటికి, ఏ అలర్ట్, నేనేం చేశాను, పొద్దున దాకా ఆగి ఉంటే ఏమయ్యేది, మళ్లీ ఎన్నింటికి నిద్ర పట్టింది. ఆఫ్ వారాలకు విడిగా రెండు గడులు: నన్ను ఎవరు ఎందుకు పిలిచారు, ఎవరూ పిలవకుండా నేను ఎన్నిసార్లు చూశాను. చివరి గడి నేను పట్టుబట్టి పెట్టించాను. మొదటి సెషన్‌లో ఫోన్ అంచు మీద ఉన్న బొటనవేలు అప్పుడు గుర్తొచ్చింది.

ఆరు వారాల షీట్ వచ్చింది. రెండు ఆన్-కాల్ వారాల్లో, అంటే పద్నాలుగు రాత్రుల్లో, రాత్రి పది నుంచి ఉదయం ఆరు మధ్య 31 కాల్స్. వాటిలో మనిషి ఆ రాత్రే లేచి ఏదో చేయక తప్పనివి ఐదు. పదిహేడు ఊరికే 'చూశాను' అని నొక్కి పడుకోదగ్గవి: డిస్క్ 80 శాతం నిండిందన్న హెచ్చరిక, బ్యాకప్ ఆలస్యమైందని ఒక మోత, కాసేపటికి అదే తిరిగి నడిచిందని ఇంకో మోత. మిగతా తొమ్మిదీ కస్టమర్లు పీ1 (అత్యవసరం) అని పెట్టిన మామూలు టికెట్లు. రిపోర్ట్ డౌన్‌లోడ్ కావట్లేదన్నది కూడా అందులో ఉంది.

ఆఫ్ వారాలు నాలుగింటిలో సహోద్యోగులు చేసిన కాల్స్ 14. ఎవరూ పిలవకుండా ఆమె తనంతట తాను డ్యాష్‌బోర్డ్ చూసింది 63 సార్లు.

ఆ అంకె మీద ఆమె వేలు ఆగిపోయింది. "నేను ఆఫ్‌లో లేనేలేనండీ" అన్నారు.

ఇంకో వరస నన్ను ఆపింది. పద్నాలుగు ఆన్-కాల్ రాత్రుల్లో నాలుగు రాత్రులు ఫోన్ అసలు మోగలేదు. ఆ నాల్గింటిలో మూడింటి ఎదురుగా "నిద్ర సరిగ్గా లేదు" అనే రాసి ఉంది. ఓడల్లో ఆన్-కాల్ డ్యూటీ చేసే ఇంజినీర్ల మెదడు తరంగాలను రికార్డ్ చేసి టోర్స్‌వాల్, ఆకర్‌స్టెట్ 1988లో చూపించింది ఇలాంటిదే. ఆన్-కాల్ రాత్రి గాఢ నిద్ర తగ్గుతుంది, ఆ తగ్గుదలలో కొంత అలారం ఒక్కటీ మోగకముందే కనిపిస్తుంది. మోగుతుందేమోనన్న ఎదురుచూపు చాలు. కాబట్టి కాల్స్ తగ్గిస్తే పని సగమే అవుతుంది. చెవి ఎప్పుడు మూసుకోవచ్చో దానికి కచ్చితంగా తెలియాలి. ఆమె చెవికి ఎనిమిదేళ్లుగా ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, ఆమె కూడా చెప్పుకోలేదు.

ఉత్తరం రాయాలా వద్దా

ఇక్కడ నా ముందు రెండు దారులున్నాయి. రాత్రి డ్యూటీకి కొంతకాలం పెట్టవద్దని సంస్థకు రాయించడం ఒకటి. సులువైన దారి. కానీ ముగ్గురిలో ఒకరు తప్పుకుంటే మిగిలేది ఇద్దరు. వాళ్ల రాత్రులు ఒక వారం మార్చి ఒక వారం అవుతాయి, ఆ ఇద్దరిలో ఒకరు చేరి ఏడాది కూడా కాని జూనియర్. ఆమె ఇంట్లో పడుకుని వాళ్ల గురించి బాధపడుతూ మళ్లీ డ్యాష్‌బోర్డే చూసేవారు. పైగా "తట్టుకోలేకపోయింది" అన్న ముద్ర పడుతుందని ఆమె భయం. ఆ భయం ఉత్తదని నేను అనలేను.

రెండోది, షీట్‌ని లీడ్ ముందు పెట్టడం. నేను దీన్నే ఎంచుకున్నాను, ఒక షరతు మీద. డ్రైవింగ్‌లో కునుకు పడితే, లేదా పీహెచ్‌క్యూ స్కోరు ఎక్కితే, ఆ ఉత్తరం మర్నాడే వెళ్తుందని ఆమెకు ముందే చెప్పాను. లీడ్‌తో సమావేశానికి నేనూ వెళ్లాను, ఆమె లిఖిత అంగీకారంతో. స్కోర్లు, నిద్ర, ఇల్లు, ఏవీ గదిలోకి రాకూడదని అనుకున్నాం. కాల్స్ లెక్క ఒక్కటే బల్ల మీదికి వచ్చింది. మనిషి గురించి మాట్లాడితే లీడ్ సానుభూతి చూపిస్తారు. అలర్ట్‌ల గురించి మాట్లాడితే ఇంజినీర్‌లా ఆలోచిస్తారు. మాకు కావలసింది ఆ రెండోదే.

ఆయన మొదటి మాట "అందరికీ ఇంతే కదా." రెండో పేజీ తిప్పాక కాసేపు మాట్లాడలేదు. గూగుల్‌లో సేవలు ఆగిపోకుండా చూసే రిలయబిలిటీ ఇంజినీర్లు 2016లో రాసిన ఒక లెక్కను ఆమె ఆయన ముందు పెట్టారు: ఒక్కో ఇన్సిడెంట్‌కి (సేవకు వచ్చే అంతరాయానికి) ఆ తర్వాతి పనితో కలిపి సగటున ఆరు గంటలు పడుతుంది, కాబట్టి 12 గంటల షిఫ్ట్‌కి రెండుకు మించకూడదు. ఈ టీమ్‌లో సగటు రెండు చిల్లరే. కానీ షీట్‌లో ఒక రాత్రి ఆరు ఉన్నాయి, ఆ మర్నాడు తొమ్మిదింటికి ఆమె కస్టమర్ మీటింగ్‌లో ఉన్నారు. ఆ మీటింగ్ పిలిచింది ఆయనే.

పట్టు దొరికిన చోట

రాత్రి ఎవరూ ఏమీ చేయనక్కర్లేని అలర్ట్‌లను పొద్దున్న టికెట్లుగా మార్చారు, రెండు వారాల ప్రయోగంగా. తొమ్మిదో రోజే దెబ్బ తగిలింది. డిస్క్ 80 శాతం హెచ్చరికను పొద్దుటికి మళ్లించారు కదా, ఒక రాత్రి లాగ్ ఫైళ్లు ఒక్కసారిగా పెరిగి తెల్లారేసరికి డిస్క్ నిండిపోయింది. కస్టమర్ కేకలు వేశాడు. పాత పద్ధతే నయమని టీమ్ అంతా అంది, ఆమె అందరికంటే గట్టిగా అన్నారు. పాతదానికి తిరిగి వెళ్తే పదిహేడు మోతలూ తిరిగొస్తాయి. నాకు ఆ సాంకేతికం తెలియదు కాబట్టి ఒక్క ప్రశ్నే అడిగాను: నిద్ర లేపాల్సిన డిస్క్‌కీ, లేపక్కర్లేని డిస్క్‌కీ తేడా ఏమిటి? ఆమె అరనిమిషం ఆలోచించి, "ఎంత నిండిందన్నది కాదండీ, ఎంత వేగంగా నిండుతోందన్నది" అన్నారు. ఇప్పుడున్న వేగంతో నాలుగు గంటల్లో నిండేట్టుంటే మాత్రమే ఫోన్ మోగేలా అలర్ట్ మార్చారు. ఆ తర్వాత ఆ రకం కాల్ దాదాపు లేదు. ఎనిమిదేళ్లలో ఎప్పుడో చేయగలిగిన మార్పే, కానీ రాత్రి మూడింటికి లేచిన మనిషికి పొద్దున అంత తీరిక ఎక్కడుంటుంది.

కస్టమర్ పీ1 టికెట్లు ముందు రాత్రి షిఫ్ట్ ఎల్1కి వెళ్లి, నిజంగా సేవ ఆగిపోయిందని వాళ్లు చూశాకే ఎల్2ని లేపాలన్నారు. దీనికి పెద్ద గొడవేం కాలేదు.

మర్నాటి విశ్రాంతి సంగతి నాకు ఆసక్తిగా అనిపించింది. "కావాలంటే అడిగి కాంప్ ఆఫ్ (బదులు సెలవు) తీసుకోవచ్చు" అని వాళ్ల పాలసీలో ముందునుంచీ ఉంది. రెండేళ్లలో ఎవరూ అడగలేదు. అడగడమంటే తట్టుకోలేకపోతున్నానని ఒప్పుకోవడమే అని ముగ్గురికీ లోపల ఉంది. దాన్ని తిరగేశారు: అర్ధరాత్రి తర్వాత కాల్స్ మొత్తం గంట దాటితే, మర్నాడు మధ్యాహ్నం దాకా ఆ మనిషి క్యాలెండర్ దానంతటదే బ్లాక్ అవుతుంది. రావాలనుకుంటే ఆ బ్లాక్ తీసేయమని లీడ్‌ని అడగాలి. అడిగి మరీ పనికి వచ్చినవాళ్లు ఇప్పటిదాకా లేరు.

ఇక తప్పు సర్వర్ కథ. నిజంగా లేవాల్సిన ఐదు రకాల కాల్స్‌కీ ఆమె రన్‌బుక్, అంటే ఏం చేయాలో వరసగా చెప్పే కాగితం, రాశారు. ప్రతిదానిలో మొదటి మూడు లైన్లు ఒకటే: లైట్ వెయ్యి, ముఖం కడుక్కో, పది నిమిషాలు చూడు తప్ప ఏదీ రీస్టార్ట్ చెయ్యకు, ఏదీ డిలీట్ చెయ్యకు. నాలుగో లైన్: ఏ సర్వర్ మీద ఉన్నావో దాని పేరు పైకి చదువు. నిద్రగదిలో ఒంటరిగా సర్వర్ పేరు పైకి చదవడం మొదట ఆమెకు సిగ్గుగా అనిపించిందట. కానీ కళ్లు మగతలో తాము చూడాలనుకున్న పేరునే చూస్తాయి, నోటితో చదివితే చెవి పట్టుకుంటుంది. పది నిమిషాలు ఆగితే ఎస్‌ఎల్‌ఏ, అంటే కస్టమర్‌కి ఒప్పుకున్న గడువు, దాటదా అని లీడ్ అడిగారు. అందుకోవడానికి పదిహేను నిమిషాలే గడువు, కానీ పరిష్కారానికి నాలుగు గంటలుంది. అందుకుని ఆగొచ్చు.

అరవై మూడు

పైవన్నీ ఒక నెలలో అయిపోయాయి. ఆఫ్ వారంలో తానే చూసుకోవడం తగ్గడానికి మాత్రం నాలుగు నెలలు పట్టింది, సెషన్లు ఎక్కువగా ఖర్చయింది కూడా ఇక్కడే.

ముందు చేతికి తెలిసే గుర్తు ఒకటి కావాలనుకున్నాం. సొంత ఫోన్‌లోకి అలర్ట్‌లు రాకుండా తీసేసి, టీమ్‌కి విడిగా ఒక ఆన్-కాల్ హ్యాండ్‌సెట్ పెట్టారు. సోమవారం పొద్దున ఇరవై నిమిషాలు కూర్చుని, తెరిచి ఉన్న టికెట్లన్నీ చెప్పి, ఫోన్‌తో పాటు ఛార్జర్ కూడా చేతికివ్వాలి. ఛార్జర్ అన్నది ఆమె ఆలోచనే. ఛార్జర్ మన దగ్గర ఉంటే ఫోన్ మనదే అనిపిస్తుందట. రింగ్‌టోన్ కూడా మార్చారు, పాతది ఇక ఎవరి ఫోన్‌లోనూ ఉండకూడదని తీర్మానించుకున్నారు.

మొదటి ఆఫ్ వారం హ్యాండ్‌సెట్ ఇచ్చేసి ఇంటికెళ్లి, ఆ రాత్రే ల్యాప్‌టాప్‌లో లాగిన్ అయ్యారు. తర్వాతి సెషన్‌లో అది దాచారు, వెళ్లేముందు తలుపు దగ్గర చెప్పారు. దాన్ని క్రమశిక్షణ లోపంగా చూస్తే పని చెడుతుంది. చూడటం ఆమెకు ఊరట ఇస్తోంది, ఆ ఊరటే మళ్లీ చూడమంటోంది. తలుపు గడి వేశామా అని పదిసార్లు చూసేవాళ్లతో వాడే పద్ధతే ఇక్కడా వాడాను. మానెయ్యమనకుండా వాయిదా వేయమన్నాను. చూడాలనిపించినప్పుడు టైమ్ రాసి, ఏం జరిగి ఉంటుందని భయమేస్తోందో ఒక లైన్ రాసి, రాత్రి తొమ్మిదింటికి ఒక్కసారే చూడాలి. రెండు వారాల తర్వాత భయాల్నీ డ్యాష్‌బోర్డ్‌నీ పక్కపక్కన పెట్టాం. రాసిన భయాలు ఇరవై ఆరు. జరిగింది ఒకటి. ఆ ఒకటి కూడా జూనియర్ సరిచేశాడు.

అది ఆమెకు ఆనందం ఇవ్వలేదు, ఇక్కడే కేసు అసలు లోతుకి దిగింది. జూనియర్‌కి పట్టింది యాభై నిమిషాలు. "నేనైతే పది నిమిషాల్లో చేసేదాన్ని. నలభై నిమిషాలు నష్టం" అన్నారు. నష్టం ఎవరికి అని అడిగాను. గడువు నాలుగు గంటలు, కస్టమర్ ఏమీ అనలేదు, జూనియర్‌కి కొత్త విషయం వచ్చింది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఆఫ్ వారాల్లో వచ్చిన ఆ 14 కాల్స్‌లో పదకొండు తనకు తప్ప ఎవరికీ తెలియని విషయాల కోసమేనని, వాటిని రాసి పెట్టడానికి ఇన్నేళ్లలో తీరిక చేసుకోలేదని, ఒకవేళ చేసుకోదల్చుకోలేదేమోనని అన్నారు. "ఏడుపొస్తున్నా, వాళ్లు పిలిస్తే లోపల బాగానే అనిపించేదండీ."

మొదటి రోజు నాకు తేలని సంగతికి జవాబు అప్పుడు దొరికింది. గర్వమూ, గోడూ రెండూ ఒకే కాల్‌లో వస్తున్నాయి. మనిషిని అరగదీసేదీ, విలువ ఇచ్చేదీ ఒకటే అయినప్పుడు, తీసేసిన దాని చోట ఏదో ఒకటి పెట్టకపోతే ఆ మనిషి తిరిగి అక్కడికే వెళ్తారు. ఆమె పగలు వారానికి రెండు గంటలు జూనియర్‌తో పాత ఇన్సిడెంట్ల మీద కూర్చోవడం మొదలుపెట్టారు, లీడ్ దాన్ని ఆమె పని లెక్కలో చేర్చారు. లెక్కలో చేర్చమని అడగమని నేనే పోరాను. ఉచితంగా చేసి ఉంటే అది ఇంకో ఆన్-కాల్ అయ్యేది.

ఇప్పటి పరిస్థితి

ఆరు నెలలకు మళ్లీ ఆరు వారాల షీట్ నింపారు. ఆన్-కాల్ రాత్రుల్లో కాల్స్ 31 నుంచి 8కి వచ్చాయి. ఆఫ్ వారాల్లో తనంతట తాను చూసింది నాలుగుసార్లు. పీహెచ్‌క్యూ స్కోరు 4. ఆన్-కాల్ వారంలో నిద్ర ఇప్పటికీ పలచగానే ఉంది, అది పూర్తిగా బాగవుతుందని నేను మాట ఇవ్వలేదు. నాలుగో మనిషిని ఇంకా తీసుకోలేదు. రోస్టర్ ఇప్పటికీ మూడు వారాలకొకసారే. ఒకరికి జ్వరం వస్తే ఈ ఏర్పాటంతా ఎంతవరకు నిలబడుతుందో నాకు అనుమానమే.

లీడ్ రెండో పేజీ తిప్పే మనిషి కాబట్టి ఇదంతా సాగింది. "అందరికీ ఇంతే" దగ్గరే ఆగిపోయే చోటైతే నేను ఆ మొదటి ఉత్తరం రాయించి, ఉద్యోగం మారడం గురించి ఆమెతో నిజాయితీగా మాట్లాడేవాణ్ని. అలాంటి చోట మనిషిని మరింత ఓర్చుకునేలా తయారుచేయడం నా పని అనుకోను.

ఆన్-కాల్ చేసేవాళ్లు వస్తే ఇప్పుడు మొదటి సెషన్‌లోనే షీట్ ఇస్తున్నాను. ఎన్ని కాల్స్ వస్తాయని అడిగితే అందరూ టక్కున చెప్తారు. ఎవరూ పిలవనప్పుడు ఎన్నిసార్లు చూస్తారని అడిగితే చాలామంది తక్కువ చెప్తారు, అబద్ధమాడి కాదు, తెలియక. నిద్ర చికిత్సను నేను వదిలిపెట్టలేదు. ఈమెకే నాలుగో నెలలో బూట్జిన్ పద్ధతి మళ్లీ ఇచ్చాను, ఆఫ్ వారాలకు మాత్రమే, ల్యాప్‌టాప్ బ్యాగ్‌లో ఉంచి జిప్ వేశాక. అప్పుడది పనిచేసింది.

చివరి సెషన్‌లో లేచి వెళ్తూ ఆగి, ఖాళీ షీట్ ఇంకో కాపీ ఉందా అని అడిగారు. జూనియర్ ఆఫ్ వారంలో రాత్రి పన్నెండింటికి కూడా టీమ్ గ్రూప్‌లో జవాబులిస్తున్నాడట.

"మొన్న వాణ్ని అడిగితే, ఊరికే ఓసారి చూశాను అక్కా అన్నాడండీ."

రెండు కాపీలిచ్చాను.